ఏడు వంపుల దారి

"ఆగు బాబూ! ఆ గట్టు మీద కాలేస్తే ఊరుకోను!"

నీలవేణి నాతో అన్న మొదటి మాట అది. అరవై ఎనిమిదిలో, విజయనగరం గుట్ట మీది పార్కులో. తోటమాలి అప్పలసూరి కూతురు. కింద పారే గెడ్డ పొంగినప్పుడు గట్టు కోసుకుపోకుండా వావిలి గెడలు పాతి, మధ్యలో కొమ్మలు అల్లి దడి కడుతోంది. మోచేతుల దాకా బురద. నేను పైన పార్కు ఆఫీసులో గుమస్తాని, ఇస్త్రీ చొక్కా వాణ్ణి. కాలు వెనక్కి తీశాను గానీ మనసు అక్కడే దిగబడింది.

పైనుంచి గెడ్డకి దారి ఏడు వంపులు తిరుగుతుంది. అన్నీ తిరిగేసరికి నా టిఫిను వేళ కాస్తా అయిపోయేది. అందుకని ఓ రోజు సైకిలు తిన్నగా వాలులో దింపేశాను. మర్నాడూ అంతే. నా జాడ చూసి పదిమంది నడిచారు. గడ్డి చచ్చి ఎర్రమట్టి తేలింది.

ఆషాఢంలో ఓ మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. నీళ్ళన్నీ నా అడ్డదారే పట్టి కాలవలా దిగాయి. గట్టునీ, రెండు నెలల దడినీ గెడ్డలో కలిపేశాయి.

"ఏ దున్నపోతు తొక్కిందో ఈ దారి!" అంది నీలవేణి విరిగిన గెడలు ఏరుతూ. "కాపలా కాయనేదని మా అయ్యని పనిలోంచి తీసేస్తారంట."

"అవునవును, జనానికి బుద్ధి లేదు," అన్నాను.

ఆ మాటన్న నోటికి రెండు రోజులు అన్నం సయించలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మూడో రోజు మా పార్కు సూపర్వైజరు జగన్నాధం గారొచ్చి అప్పలసూరిని తాళాలు ఇచ్చెయ్యమన్నారు. ఆయన మొలలోంచి గుత్తి తీస్తుంటే ఇక ఉండబట్టలేకపోయాను.

"ఆయన తప్పు లేదండీ. ఆ దారి నేను వేసిందే. సైకిలుతో."

"రాచబాట లాంటి దారుండగా నీకిదేం బుద్ధయ్యా?"

చుట్టూ జనం. చెప్పక తప్పింది కాదు.

"ఆ అమ్మాయిని తొందరగా చూద్దామని."

ఎవరో కిసుక్కున నవ్వారు. జగన్నాధం గారు తాళాలు అప్పలసూరికే ఉంచి, గట్టు బాగయ్యేదాకా రోజూ నన్ను మట్టి మొయ్యమన్నారు. నేను తలెత్తలేదు.

నీలవేణి గెడల మోపు తెచ్చి నా భుజాన పడేసింది, ఇస్త్రీ చొక్కా మీదే.

"నీ ఎనక టైరుకి కోత ఉన్నాది. ఆ అచ్చు నానెరగనేటి?"

"తెలిసే దున్నపోతన్నావా?"

"నువ్వు సెప్తావో నేదో సూద్దామని. ఇంకో దినం పోయుంటే మరి నీ మొకం సూడకపోదును."

జనం ముందు పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటి! బుద్ధి లేనిది ఎవరికో ఆమెకి ముందే తెలుసు.

భాద్రపదానికి పాతిన గెడలు చిగురించాయి. అడ్డదారి పొడుగునా రాళ్ళు పేర్చి గడ్డి నాటాం.

"ఆదోరం మా ఇంటికి రా. అయ్యనడుగు," అంది నీలవేణి, గెడ్డలో చేతులు కడుక్కుంటూ.

"ఏమని?"

"అదీ నానే సెప్పాలేటి?"

ఆదివారం సైకిలు పైనే వదిలేసి, ఏడు వంపులూ నడిచి గెడ్డ పక్కనున్న వాళ్ళింటికి దిగాను. గుమ్మంలో నిలబడ్డ నీలవేణి నన్ను చూడలేదు. ముందు నా వెనకున్న వాలునీ, దాని మీది లేత గడ్డినీ చూసింది.

తర్వాత లోపలికి కేకేసింది.

"అయ్యా! సుట్టూ తిరిగే వచ్చినాడు. సాప ఎయ్యి."