జవడ్కాలో పేర్లు చదివే ఇల్లు

మా జవడ్కాలో చర్చి వెనకాల పాత ఫాదర్ బంగళా ఒకటుంది. కొత్త ఇల్లు కట్టాక అందులో మనిషన్నవాడు కాపురం లేడు. ఉన్నవల్లా రిజిస్టర్లే. ఎవరు పుట్టారు, ఎవరికి పెళ్ళయింది, ఎవరు పోయారు... రెండొందల ఏళ్ళ ఊరంతా ఆ బీరువాల్లోనే ఉంది.

సమాధుల పండుగ రాత్రి ఆ ఇంటి పక్కనుంచి ఎవరూ నడవరు. లోపల ఎవరో పోయినవాళ్ళ పేర్లు చదువుతారట. ఆ పేర్లలో మీ ఇంటి పేరు వినబడిందా... మళ్ళీ పండుగ లోపు ఆ ఇంట్లో శవం లేవాల్సిందే! నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం. నేను మాత్రం ఆ రాత్రి చర్చి చుట్టు తిరిగి ఇంటికి వెళ్తాను.

అలాంటి ఇంట్లోకి, సరిగ్గా అదే రాత్రి, బోగ్నా ఒక్కతీ వెళ్ళింది. ఆమె చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను, నా సొంతం ఒక్క ముక్క కూడా కలపలేదు.

బోగ్నా లుబ్లిన్‌లో ట్రాలీబస్సు, అదే కరెంటు తీగల బస్సు, నడుపుతుంది. దేనికీ బెదిరే రకం కాదు. వాళ్ళ నాన్న జెనోన్ గవ్రిష్ మా ఊళ్ళో పుట్టి పెరిగినవాడే. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, గుండెజబ్బుతో అక్కడి ఆస్పత్రిలో పడ్డాడు. ఆపరేషన్ చేస్తే బతుకుతాడన్నారు. ముసలాయన సంతకం పెట్టనంటే పెట్టనని భీష్మించుకు కూర్చున్నాడు.

"ఎందుకు నాన్నా?" అని కూతురు కాళ్ళావేళ్ళా పడితే, పండుగ రోజు పొద్దున నోరు విప్పాడు.

"నేను ఎప్పుడో చచ్చిపోయానే, బోగ్నా... రిజిస్టరులో ఉంది."

తొమ్మిదేళ్ళ వయసులో చర్చిలో పూజకి సాయం చేసేవాడు. ఒకరోజు ఫాదర్ గారు బంగళాలోంచి ఏదో రిజిస్టరు తెమ్మన్నారు. దారిలో ఊరికే తెరిచాడు... అది మరణాల రిజిస్టరు. అందులో — జెనోన్ గవ్రిష్. తండ్రి మార్చిన్. తల్లి తెక్లా. ఊరు జవడ్కా. మిగతాది చదివే ధైర్యం లేక టప్పున మూసేశాడు. ఇంటికెళ్ళి అమ్మనడిగితే చెంప ఛెళ్ళుమంది. ఆ తర్వాత అరవై తొమ్మిదేళ్ళు ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

"నన్ను అప్పుడే రాసేశారే. దేవుడే ఎక్కడో మరిచిపోయి వదిలేశాడు. ఆ ఆపరేషన్ బల్ల మీద కళ్ళు మూశానా... గుర్తొస్తాను ఆయనకి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు బోగ్నాకి. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి డాక్టరు వస్తాడు. అప్పటికి సంతకం లేకపోతే ఆయన వంతు ఇంకొకరికి పోతుంది. మళ్ళీ వంతు వచ్చేదాకా ఆ గుండె తట్టుకోదు. "ఆ పేజీ నీ కళ్ళకి చూపిస్తాను నాన్నా, ఉండు" అని కారు తీసింది.

పండుగ రోజు కదా, దారులన్నీ కార్లే. మా ఊరు చేరేసరికి చీకటి పడింది. ఫాదర్ గారు పక్క ఊరి సమాధుల దగ్గర ప్రార్థనలో ఉన్నారు, ఫోన్లోనే సరేనన్నారు. తాళాలు చర్చి చూసుకునే హియెరోనిమ్ దగ్గరున్నాయి. ఆయన నీళ్ళు నమిలాడు.

"ఇవాళేనా తల్లీ? రేపు పొద్దున..."

"రేపు పొద్దున మా నాన్న ఉండాలంటే ఇవాళే తాతా."

"గుమ్మం దాకా వస్తాను. లోపలికి మాత్రం నన్ను పిలవకు." సిలువ గుర్తు వేసుకుని తాళం తీశాడు. "మధ్య గది, ఎడమ బీరువా. పేర్లు వినబడితే చెవులు మూసుకో."

"వినబడితే మీరు అడిగారని చెబుతాలే."

"నవ్వు, నవ్వు!" అంటూ వెళ్ళిపోయాడు. ఆ వయసులో అంత వేగం ఎక్కడినుంచి వచ్చిందో మరి.

లోపల కరెంటు లేదు. బూజు వాసన. ఎముకలు కొరికే చలి. ఫోన్ లైటు వెలుగులో బీరువా తెరిచింది. ముందు జ్ఞానస్నానాల రిజిస్టరు చూసింది. జెనోన్ — 1946, జూన్. సరే, ఇది నాన్నే. ఆ ఏడాదితో మొదలయ్యే మరణాల రిజిస్టరు తీసి పేజీ పేజీ తిప్పింది. 1947... 1950... 1955. నాన్నకి తొమ్మిదేళ్ళొచ్చిన ఏడాది వరకూ చూసింది. జెనోన్ లేడు. మళ్ళీ మొదటినుంచి చూసింది. లేడు.

ఆమెకి కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. దొరకలేదంటే ముసలాయన వింటాడా? నా కళ్ళతో చూశానంటాడు. ఫోన్లో చార్జింగ్ తొమ్మిది శాతానికి దిగింది.

అప్పుడు... లోపలి గదిలో కాగితం తిప్పిన చప్పుడు.

ఎలుక అనుకుంది. ఎలుకే అయ్యుంటుంది.

"...ఫ్రాంచిషెక్... అరవై ఏళ్ళు..."

ఆడగొంతు. సన్నగా, స్పష్టంగా. ఒక్కో పేరుకీ ఆగి, ఊపిరి తీసుకుని...

"...కునెగుందా... నాలుగేళ్ళు..."

బోగ్నాకి ముచ్చెమటలు పోశాయి. చెవులు మూసుకోవాలని గుర్తే రాలేదు.

"...జెనోన్... జెనోన్ గవ్రిష్... తండ్రి మార్చిన్... తల్లి తెక్లా..."

అక్కడ ఆ గొంతు వెక్కి వెక్కి ఏడ్చింది.

"...పదకొండు రోజులు."

పదకొండు రోజులా? నాన్నకి ఇంక పదకొండు రోజులేనా? వెనక వాకిలి కిర్రుమంది. కర్ర చప్పుడు... టక్... టక్... లోపలి గది తలుపు సందులోంచి ఎర్రటి వెలుగు పాక్కుంటూ వచ్చింది.

"కేక పెట్టకే తల్లీ, నా గుండె కూడా అంతంతమాత్రమే!"

సమాధి మీద పెట్టే ఎర్రగాజు దీపం చేత్తో పట్టుకుని ఆపొలోనియా అవ్వ! వీధికి అటుపక్క ఇల్లు ఆవిడది. నవంబరులో చర్చిలో పోయినవాళ్ళ పేర్లు చదివింది ఆవిడే, నలభై ఏళ్ళపాటు. చిన్నప్పుడు నాన్నతో వచ్చినప్పుడల్లా బోగ్నా ఆ చదువు వినేది. ఓహో, ఈవిడా... పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఈ ఇంట్లోకి ఈ రాత్రి వచ్చావా అవ్వా? భయం లేదూ?"

"తొంభై ఒకటి నాకు. ఈ ఊరి దెయ్యాలన్నీ నాకంటే చిన్నవాళ్ళే. నువ్వెవరి పిల్లవి?"

"జెనోన్ గవ్రిష్ కూతుర్ని."

"తెక్లా మనవరాలివా!" అవ్వ దీపం ఆమె మొహం దగ్గరకి ఎత్తింది. "అయితే రెండో జెనోన్ కూతురివన్నమాట."

"రెండో జెనోన్ ఏంటవ్వా?"

"మొదటివాడు యుద్ధం రోజుల్లో పోయాడు కదే, చంటిబిడ్డ. అప్పట్లో పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టేవాళ్ళం, పేరు మట్టిపాలు కాకూడదని. నేను కూడా మా ఇంట్లో రెండో ఆపొలోనియానే. అయినా యుద్ధం తర్వాతి పుస్తకం తీశావేమో! వాడు దాని ముందుదాంట్లో ఉంటాడు."

నిజమే! నాన్న పుట్టకముందే నాన్న చావుని ఎవరు వెతుకుతారు? బోగ్నా గబగబా ముందు రిజిస్టరు లాగింది. 1944, ఫిబ్రవరి. జెనోన్ గవ్రిష్. తండ్రి మార్చిన్, తల్లి తెక్లా. వయసు పదకొండు రోజులు. ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి భోరున ఏడ్చేసింది.

రెండు శాతం ఉండగా ఫోన్ చేసింది.

"నాన్నా, అది నువ్వు కాదు. మీ అన్న. నీకంటే రెండేళ్ళ ముందు పుట్టి, పదకొండు రోజులకే పోయాడు. ఆ పేరే నీకు పెట్టారు."

అటు వైపు ముసలాయన మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు.

"నాకో అన్నా..." అన్నాడు. "అందుకా అమ్మ కొట్టింది... ఎనభై ఏళ్ళుగా వాడికి ఎవరూ దీపం పెట్టలేదా, బోగ్నా?"

"ఇప్పుడే పెడతాను నాన్నా."

"పెట్టి రా. పొద్దున సంతకం పెడతాను. ఇంతకాలం బతికింది నా వంతే అన్నమా—" ఫోన్ ఆరిపోయింది.

అవ్వ తన చేతిలో దీపం ఆమెకిచ్చింది. ఇద్దరూ మెల్లగా వెనక వాకిలి వైపు నడిచారు. బోగ్నాకి ఇప్పుడు నవ్వొస్తోంది.

"నువ్వలా పేర్లు చదువుతుంటే నా పైప్రాణాలు పైనే పోయాయవ్వా!"

ఆపొలోనియా గుమ్మంలో ఆగింది.

"నేనా? కళ్ళల్లో శుక్లాలొచ్చి నాలుగేళ్ళయిందే. నా పేరు నేనే చదువుకోలేను. వీధిలోకి నీ గొంతు వినబడబట్టే లోపలికొచ్చాను. అచ్చం మీ నానమ్మ తెక్లా గొంతే, తల్లీ... అంత బాగా చదువుతున్నదానివి, జెనోన్ పేరు దగ్గర ఎందుకమ్మా అలా ఏడ్చావు?"