చివర రెండు చుక్కలు

స్టూడియోలో ఉన్నది ఒక్కటే డబుల్ పెడల్, రెండు కాళ్ళతో పెద్ద డ్రమ్ము వాయించే సాధనం. దాని ఒక చివర నేను పట్టుకున్నాను. రెండో చివర ఎవరో అమ్మాయి పట్టుకుంది.

"నిన్న సాయంత్రమే ఫోన్ చేసి బుక్ చేసుకున్నానండీ," అన్నాను.

"నేనూ నిన్న సాయంత్రమే చేశాను. వదలండి."

మా ఒసాకాలో ఒంటరి ప్రాక్టీసుకి పద్ధతి అదే. బ్యాండులు తీసుకోగా మిగిలిన గదుల్ని ముందురోజు సాయంత్రం నుంచి తక్కువ రేటుకి ఇస్తారు. ఓనరు తొమియే గారు ఇద్దరికీ ఒకే గది సరేననేశారు. పులిచారల చొక్కా వేసుకుని కౌంటర్ వెనకనుంచి వచ్చి, మా చేతుల్లో చెరో చప్పరింపు బిళ్ళ పెట్టారు.

"ఇద్దరిదాకా ఒంటరి ప్రాక్టీసు కిందే లెక్క. లోపలికి పోండి. బయట వాన కూడానూ."

అలా ఒంటరివాళ్ళం ఇద్దరం లోపలికి నడిచాం.

ఆమె పేరు కుసాకా మినోరి. కుసాకా ఇంటిపేరు; చనువు లేనివాళ్ళని మా దగ్గర ఇంటిపేరుతోనే పిలుస్తాం. స్కూలు బ్యాండులో ఆరేళ్ళు డ్రమ్స్ వాయించింది, ఏ నొటేషనైనా పేపరు చదివినట్టు చదివేస్తుంది. డబుల్ పెడల్ మాత్రం కొత్త. నేను నెగోరో సోహే. మాది కిషివాడ, పండక్కి రథాల మీద డోలు మోగే ఊరు. మా తాత నాకు దరువులన్నీ నోటితోనే నేర్పాడు. కాళ్ళు రెండూ గుర్రాల్లా పరిగెడతాయి గానీ కాగితం చదవడం రాదు.

అసలు గొడవంతా అక్కడే ఉంది. నాకు ప్రాణమైన ఒక బ్యాండుకి డ్రమ్మరు కావాలి. మూడు వారాల్లో సెలక్షన్. అప్పటికప్పుడు కాగితం ముందు పెడతారు, చూసి వాయించాలి. "చదవడం వచ్చా?" అని ఫోన్లో అడిగితే, "ఓ, బ్రహ్మాండంగా," అనేశాను.

అదే ధీమా కుసాకా గారి దగ్గరా చూపించాను. ఆమె స్టాండు మీద ఒక కాగితం పెట్టి, "ఇది వాయించగలరా?" అంది.

తల ఊపుతూ చూశాను. "ఓస్, ఈ చిన్న దరువేనా? కళ్ళు మూసుకుని వాయిస్తాను."

"కళ్ళు మూసుకునే వాయించాలి మరి. అది ఫ్లూట్ వాళ్ళ కాగితం."

నవ్వు ఆపుకోలేక ముందున్న స్నేర్ డ్రమ్ము మీద వాలిపోయింది. నాకు ఒళ్ళు మండింది. కానీ నిజం చెప్పక తప్పలేదు. చెప్పాక బేరం కుదిరింది. తను నాకు చదవడం నేర్పాలి, నేను తన ఎడమకాలిని నిద్ర లేపాలి.

"నోటితో చెప్పండి," అనేది.

"దొక దొక దొక దొక, తన్!"

అది వింటూ పెన్సిల్‌తో గీసేది. "అడుగున ఉన్నవి కాళ్ళు. మధ్యలోది స్నేర్. పైన ఇంటూ గుర్తుంటే సింబల్, అదే ఇత్తడి పళ్ళెం. మీ తాతగారు చెప్పిందే ఇది, బట్టలేసుకుని వచ్చిందంతే."

నేనేమో రైల్లో కూర్చున్నప్పుడు మడమ పైకెత్తి ఎడమకాలు ఒక్కటే ఆడించమన్నాను. మర్నాడు గుర్రుగా వచ్చింది.

"మీ మాట విని ఆడించాను. ఎదుటి సీట్లో పెద్దాయన జాలిపడి, 'ఓర్చుకో అమ్మా, వచ్చే స్టేషన్లో టాయిలెట్ ఉంది,' అన్నారు."

ఈసారి స్నేర్ మీద వాలింది నేను.

రెండో వారానికల్లా, ఆమె నవ్వు కోసమే తప్పులు చేస్తున్నానేమోనని నాకే అనుమానం వచ్చింది. వాన పడకపోయినా గొడుగు తీసుకెళ్ళేవాణ్ణి, ఆమెకి స్టేషన్ దాకా తోడు వెళ్ళడానికి సాకు దొరుకుతుందేమోనని.

సెలక్షన్ రోజు కాగితం ముందుంది. మొదటి పదహారు బార్లు, అంటే తాళపు గడులు, గుక్క తిప్పుకోకుండా చదివేశాను. చివర నిలువు గీత, దాని పక్కన రెండు చుక్కలు. బ్యాండులోని మిగతా ముగ్గురూ మెల్లగా పాట మొదటికి వెళ్ళిపోయారు. నేనొక్కణ్ణీ ముందుకి దూకి, వాళ్ళ జోలపాట లాంటి ట్యూను మీద రెండు కాళ్ళతో పిడుగులు కురిపించాను.

లీడరు చెయ్యెత్తి ఆపాడు. "ఎక్కడికయ్యా ఆ పరుగు?"

కాలు జారిందని చెప్పొచ్చు. ఫ్లూట్ కాగితం గుర్తొచ్చింది. "ఫోన్లో అబద్ధం చెప్పానండీ. మూడు వారాల కిందటిదాకా నాకు ఒక్క చుక్క చదవడం రాదు."

లీడరు నా కాళ్ళ వంక చూశాడు. "మూడు వారాల్లోనా ఇదంతా? వచ్చే ఆదివారం ప్రాక్టీసుకి వచ్చెయ్. రెండు చుక్కలు కనబడితే వెనక్కి తిరగాలి, గుర్తుందా?"

స్టూడియోకి పరుగెత్తాను. ఆమె అంతా విని గోడ పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక, "అయితే ఇక పాఠాలు అక్కర్లేదన్నమాట," అంది. ఆ గొంతులో సంతోషం లేదు.

నేను రైల్లో రాసిన కాగితం తీసి ఇచ్చాను. నా మొదటి నొటేషన్.

"బార్లన్నీ కాళ్ళేనే! చేతులకి సెలవిచ్చారా?"

"వణుకుతున్నాయండీ."

"కుడికాలు కింద 'సో', ఎడమకాలు కింద 'మి'..." ఆగింది. "సోహే, మినోరి. నన్ను పేరుతో పిలవమని మీకెవరు చెప్పారు?"

"నాకు నోటితో చెప్పడమే బాగా వచ్చు. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాగితం మీంచి తల ఎత్తలేదు.

"తప్పు రాశావు," అంది. మూడు వారాల్లో మొదటిసారి 'నువ్వు' అన్నట్టు మాట్లాడింది.

"ఎక్కడ?"

"చివర రెండు చుక్కలు పెట్టి ఊరుకున్నావు. ఎన్నిసార్లో రాయకపోతే, ఇంకొక్కసారి వాయించి ఆపెయ్యాలి."

"ఆపకూడదంటే?"

పెన్సిల్ తీసుకుని చుక్కల పైన 'సైగ చేసేదాకా' అని రాసింది.

"సైగ ఎవరు చెయ్యాలి?"

"నేను." డబుల్ పెడల్ ఎడమ చివర తన వైపు లాక్కుని, కుడి చివర నా వైపు తోసింది. "చెయ్యనులే. కూర్చో."