ఫజిలత్ సీసా

"ఈసారి మీరు కాపాడాల్సింది ఒక మూత్రం సీసా," అన్నాడు చీఫ్ వెంకటనారాయణ.

ఖమ్మంలో ఒక గ్రానైట్ షాపు పైగదిలో కూర్చున్న ఏజెంట్ ఖాలిద్ ముఖం చిట్లించాడు. సరిహద్దుల్లో తూటాలు తప్పించుకు తిరిగిన మనిషికి చివరికి దక్కిన గౌరవం ఇదన్నమాట.

"ఫజిలత్ అని పినపాక అమ్మాయండీ. పరుగుపందెంలో ఏషియా మీట్‌కి సెలెక్టయింది. ఇవాళ భద్రాచలం క్యాంపులో డోప్ టెస్ట్. మూత్రంలో స్టెరాయిడ్ హార్మోన్ లెవెల్స్ చూస్తారు. విదేశీ బెట్టింగ్ ముఠా దారిలో ఆ సీసా మార్చేస్తుందని ఇన్ఫర్మేషన్. రిపోర్ట్ పాజిటివ్ వచ్చిందా, నాలుగేళ్లు బ్యాన్. ఆ పిల్ల పరుగు అక్కడితో సరి."

"ఎవరు చెప్పిన్రు సార్?"

"భాను. శాంపిల్ కొరియర్ ఆమే."

ఖాలిద్ నోరు చేదైంది. భాను అంటే సిల్కు చీర, నల్ల కళ్లద్దాలు, రెండు జీతాలు. వాళ్ల గుట్టు వీళ్లకు, వీళ్ల గుట్టు వాళ్లకు. గోడ మీద పిల్లి కూడా ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకవైపు దూకుతుంది. ఈమెకు ఆ మర్యాద కూడా లేదు.

చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. సీల్ నకిలీదైతే ఎర్ర లైటు వెలుగుతుందట. ఇలాంటివి కొనడానికే డిపార్ట్‌మెంట్ పుట్టిందని ఖాలిద్ నమ్మకం.

మధ్యాహ్నం దాటాక అతను డ్రైవర్ మోతీలాల్ వేషంలో భద్రాచలం క్యాంపు గేటు దగ్గర ఉన్నాడు. ఫజిలత్ పరీక్ష గదిలోంచి వచ్చి మెట్ల మీద కూలబడింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"అయిందా బేటా?"

"అయింది అన్నా. సీసా నింపనీకి మూడుసార్లు పోయిన. నీళ్లు తాగు, జల్దీ అయితదన్నరు. సీసా కోసం రోజా ఇడుస్తనా?"

కాసేపటికి కూల్‌బాక్స్ పట్టుకుని భాను వచ్చింది.

"అడవిల ఇప్పపూలు రాలినయా?" అంది. అది కోడ్.

"ఇంకా లేదు మేడమ్," అన్నాడు ఖాలిద్. ఆ ఊళ్లో ఎవరిని అడిగినా చెప్పే జవాబే అది.

భానును ఎక్కించుకుని బయల్దేరిన కారుకు అడవి దారిలో ఒక బైకు అడ్డొచ్చింది. దాని మీద వాడు కత్తి తీసేలోపే ఖాలిద్ వాణ్ణి తుప్పల్లోకి విసిరేశాడు. పేరుకు విదేశీ ముఠా. వాడి చెప్పుకు మాత్రం పిన్నీసు ఉంది.

ఖాలిద్ కారు దగ్గరికి వచ్చేసరికి భాను చేతుల్లో రెండు సీసాలున్నాయి. ఒకే మూత, ఒకే నంబరు. ఒకదాంట్లో డికాక్షన్ రంగు, రెండోదాంట్లో ఇంచుమించు మంచినీళ్లు.

"వాని సంచిల గీ నల్లది దొరికింది. పారేద్దాం. గీ తెల్లది ఫజిలత్‌ది."

పెన్ను రెండింటి మీదా పచ్చగా వెలిగింది. ఎదురుగా ఫారెస్ట్ చెక్‌పోస్ట్ దగ్గర, సీసా అందుకోవాల్సిన ల్యాబ్ వ్యాన్ ఇంజన్ స్టార్టయింది. గేటు లేస్తోంది.

"జల్దీ ఖాలిద్ సాబ్. చూడుండ్రి ఎంత క్లీన్‌గ ఉందో. ఉరికేటోళ్లు బిందెలకు బిందెలు నీళ్లు తాగుతరు."

ఖాలిద్ ఆమెను పురుగును చూసినట్టు చూశాడు. నల్ల సీసా లాక్కుని బాక్సులో పెట్టి పరుగెత్తాడు. కదిలిపోతున్న వ్యాన్ కిటికీలోంచి బాక్సు లోపలికి తోశాడు.

తిరిగొచ్చి ఆమె చేతికి బేడీ వేశాడు.

"ఎట్ల తెలిసింది?" అంది భాను.

"తెల్లారకముందు తాగిన నీళ్లే. గప్పటిసంది గుటక మింగని పిల్ల ఒంటేలు తెల్లగుంటదా?"

"రోజా ఉందని నాకెవ్వరు చెప్పలే."

"ముసల్మాన్ల పిల్ల. రంజాన్ నెల. ఇంకేం చెప్పాలె నీకు?"

వారం తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. ఫజిలత్ హార్మోన్లు నార్మల్. ఏషియా మీట్‌కి టికెట్ కూడా వచ్చిందట. ఖాలిద్ గుండెల మీది బరువు దిగింది. అది చీఫ్‌కు తెలియనివ్వలేదు.

"ఆ తెల్ల సీసా కూడా టెస్ట్‌కి పంపానండీ. స్టెరాయిడ్‌తోపాటు షుగర్ కూడా బాగా ఉందట. ఎవరిదో ఏమో, ముఠాని ఎక్కడని వెతకమంటారు?"

"వెతకుడెందుకు సార్," అన్నాడు ఖాలిద్. "షుగర్ డాక్టర్ కాడ లైన్ల కూసుంటే వాళ్లే వస్తరు."