రెండు ఫ్రేముల మధ్య

“ఒక్క నిమిషం ఆగండి! ఆ నీలం తాడు ఎర్రతాడులోంచి దూరిపోయింది!”

వెనక వరసలోంచి ఆ మాట వినగానే నా గుండె జారి అరికాళ్ళలో పడింది.

సెమినార్ హాల్లో తెర మీద నా సినిమా ఆగిపోయింది. నాలుగేళ్ళ రిసెర్చి, వచ్చే వారం ఇవ్వాల్సిన థీసిస్, దాని తర్వాత రావలసిన ఉద్యోగం, అన్నీ ఆ సినిమా మీదే ఆధారపడి ఉన్నాయి.

సినిమా అంటే హీరో హీరోయిన్లు కాదు, లెక్కల్లో ముడుల శాస్త్రం. మామూలు దారానికి వేసిన ముడి నాలుగు డైమెన్షన్లలో నిలవదు, సులువుగా జారిపోతుంది. అక్కడ ముడిపడేవి బంతి తోలు లాంటి ఉపరితలాలు. వాటిని మన కళ్ళు చూడలేవు కాబట్టి ముక్కలుగా కోసి చూస్తాం. ఒక్కో ముక్క ఒక జడలా ఉంటుంది. నేను చెక్క ఫ్రేముకి రంగుల తాళ్ళు కట్టి, కాస్త అల్లి ఒక ఫోటో, ఇంకాస్త జరిపి ఇంకో ఫోటో తీశాను. అన్నీ వరసగా కలిస్తే ముడిపడిన బంతి అవుతుంది. తాళ్ళు ఒకచోట అంటుకుని విడిపోతే మెలిక పుట్టొచ్చు, పోవచ్చు. ఒకదాన్లోంచి ఒకటి మాత్రం దూరకూడదు. దూరిందా, నా బంతి గోవిందా!

దూరిందని చెప్పిన మహాతల్లిని డిపార్ట్‌మెంట్‌లో అందరూ ‘రెడ్ సిగ్నల్’ అంటారు. పక్క గదిలో కొత్తగా చేరిన స్కాలర్. ఎవరి ప్రూఫునైనా సగంలో ఆపేస్తుంది. నన్ను ‘తాళ్ళబాబు’ అంటారు, అది వేరే సంగతి.

మా గైడ్ పెద్దమేడమ్ లేచి నిలబడింది. “సాయంత్రం నా గదికి రా. ఈ తప్పు ఎలా జరిగిందో చెప్పాలి” అని వెళ్ళిపోయింది.

నేను నా గదికి పరిగెత్తి ఫోటోలు తెరిచాను. వెనకాలే రెడ్ సిగ్నల్ వచ్చింది.

“కోపమొచ్చిందా?”

“కోపం కాదండీ. హత్య చేయాలనుంది.”

“నన్నా?”

“నన్నే!”

ఆమె నవ్వు ఆపుకుని నా పక్కన కూర్చుంది. ఒక ఫోటోలో నీలం తాడు పైన ఉంది. తర్వాతి ఫోటోలో కింద ఉంది. మధ్యలో ఏమీ లేదు.

“రెండో ఫోటో మూల చూడండి. ఆ పసుపు గొడుగు... అయ్యో, అది నాదే!”

నేను ఆ ఫోటో మూసెయ్యబోతే ఆమె ఆపింది.

“చేరిన మొదటి రోజు. వానలో ముద్దయిపోయి వచ్చి, జెరాక్స్ రూమ్ ఎక్కడని మిమ్మల్నే అడిగాను. మీరు ఎడమ వైపన్నారు. అది జెంట్స్ టాయిలెట్!”

“సారీ అండీ.”

“అప్పుడు మీ చేతిలో ఈ తాడుందా?”

“ఉందో లేదో తెలీదు. నేను మిమ్మల్నే చూస్తున్నాను.” ఇక ఆపుకోలేకపోయాను. “ఆ రోజు నుంచీ చూస్తూనే ఉన్నాను.”

అందరి నోళ్ళూ మూయించే మనిషి చెవుల దాకా ఎర్రబడింది. తర్వాత గబగబా కాగితం లాక్కుంది.

“ఇక్కడ రెండుసార్లు తాళ్ళు అంటించి విడదీద్దాం. ఒకసారి పాత మెలిక పోతుంది, ఇంకోసారి ఎదురు మెలిక పుడుతుంది. తర్వాతి ఫోటోలన్నీ పనికొస్తాయి.”

లెక్క చూసి ఇద్దరం అదిరిపడ్డాం. ఆ రెండు అతుకులతో మధ్యలో బొక్క పడి, ఇప్పుడది బంతి కాదు, సైకిల్ ట్యూబు!

సాయంత్రం ఇద్దరం వెళితే, పెద్దమేడమ్ ఆ కాగితం మీద ముడి విడుతుందో లేదో తేల్చే రంగుల లెక్క వేసింది.

“ట్యూబే. కానీ ముడి గట్టిది, విడదు. థీసిస్ పేరు మార్చు, కొత్త ఫోటోలు తియ్యి, ఇంకో నెల గడువిస్తాను” అంది. నేను హమ్మయ్య అనుకునేలోపే, “తప్పెలా జరిగిందో చెప్పలేదు” అంది.

కరెంటు పోయిందని చెప్పొచ్చు. నాలుక కొస దాకా వచ్చింది కూడా. పక్కన నిలబడ్డ ఆమెని చూశాక అబద్ధం రాలేదు.

“ఈవిడ లోపలికొచ్చారు మేడమ్. చూస్తూ ఉండిపోయాను.”

మేడమ్ కళ్ళద్దాలు తీసింది. “మళ్ళీ వస్తే?”

“మళ్ళీ చూస్తాను మేడమ్.”

“మళ్ళీ తప్పు చేస్తావన్నమాట!”

“చెయ్యనివ్వనమ్మా” అంది రెడ్ సిగ్నల్. “నేను పక్కనే ఉంటాను కదా.”

“పక్కనే అంటే ఎన్నాళ్ళే?”

“ఎప్పటికీ.”

నా బుర్ర గిర్రున తిరిగింది. ‘ఎన్నాళ్ళే’నా? ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాను. అదే ముక్కు, అదే కనుబొమ్మలు!

“మే... మేడమ్, మీ...”

“మా అమ్మాయే. అమ్మ సిఫారసుతో వచ్చిందంటారని ఎవరికీ చెప్పొద్దంది.”

అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. నాలుగేళ్ళలో ఎన్నడూ నవ్వని పెద్దమేడమ్ పకపకా నవ్వింది.

“ఆదివారం ఇంటికి రా. వాళ్ళ నాన్నకి నువ్వే చెప్పు. భయపడకు, ఆయన నాకు పరిచయమైంది కూడా నా ప్రూఫులో తప్పు పట్టుకునే.”

నేను నోరు తెరుచుకుని చూస్తూనే ఉన్నాను. రెడ్ సిగ్నల్ నా చొక్కా చెయ్యి పట్టి లాగింది.

“ఇంకా ఏం చూస్తావు? పద, తాళ్ళు నేను పట్టుకుంటాను, నువ్వు ఫోటోలు తియ్యి.”

‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’గా మారిందో ఆ తలుపు దాటాక గానీ నాకు తట్టలేదు.