నల్లగొంతులో రెండో జత కాళ్ళు

టిప్టన్ ఊరు దాటాక బొగ్గు పడవల కాలువ ఒక కొండ కిందికి దూరుతుంది. ఆ సొరంగాన్ని పడవల వాళ్ళు నల్లగొంతు అంటారు. దాని పేరెత్తితే సారాకొట్టులో తాగినవాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు. ఒంటరిగా వెళ్ళేవాడి పడవలో... రెండో జత కాళ్ళు కదులుతాయట. చూశానన్నవాడు ఒక్కడూ లేడు గానీ, విన్నామన్నవాళ్ళకు కొదవ లేదు.

లోపల గుర్రం నడవడానికి గట్టు లేదు. గుర్రాన్ని విప్పి కొండ మీదుగా తోలేసి, ఇద్దరు మనుషులు పడవకు అడ్డంగా వేసిన పలక మీద వెల్లకిలా పడుకుని, చెరో గోడనూ కాళ్ళతో తన్నుకుంటూ పడవను నడిపించాలి. ఒక్కడే తంతే పడవ ఎదుటి గోడకు పోయి ఒరుసుకుంటుంది.

జాబెజ్‌కు ఆ రెండో మనిషి అతని భార్య కెజయా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెతోనే తన్నాడు. చలి మొదలయ్యాక ఆమె దగ్గి దగ్గి పోయింది. బొగ్గు రేవు గుమాస్తా మొహమాటపడలేదు.

"ఈ సరుకు ఇవాళ అవతలి ఒడ్డున పడాలి. ఒంటి మనిషివి, చేతకాదంటే చెప్పు, పడవ ఇంకొకడికిస్తాం."

ఆ పడవే జాబెజ్ ఇల్లు. వెనకున్న అగ్గిపెట్టెంత గదిలో కెజయా కుట్టిన పరదా ఇంకా అలాగే ఉంది. పడవ పోతే అతనికి తల దాచుకునే చోటు కూడా లేదు.

సొరంగం ముందు కాపలావాడి భార్య మిసెస్ టిమ్మిన్స్ ఆరేసిన బట్టలు తీస్తోంది. పొద్దు వాలింది, దడ్లీ ఊరి ఇనుప కొలుముల మంటకు ఆకాశం ఎర్రబడుతోంది. రైలొచ్చి సరుకంతా ఎగరేసుకుపోయాక, కూలికి కాళ్ళాడించేవాళ్ళు కూడా అక్కడ కనబడటం మానేశారు.

"ఒక్కడివే పోతావా జాబెజూ? మా ఆయన రేపొస్తాడు, ఆగరాదూ."

"రేపటికి నాకు పడవుండదు వదినా."

"లోపల వాళ్ళున్నారంటారు..."

"ఉంటే మంచిదేగా. ఓ చెయ్యేస్తారు."

ఆమె నవ్వలేదు.

గుర్రం దారి తెలిసినదే, దాని పాటికది కొండెక్కింది. పడవ చీకట్లోకి జారింది. ఒంటివాడైతే గడకర్ర పట్టుకుని గోడను నెట్టుకుపోవాలి. జాబెజ్ గడకర్ర ముట్టుకోనే లేదు. ఎప్పటిలాగే పలక మీద ఎడమ సగంలో పడుకుని, కుడి సగం ఖాళీగా వదిలి, తన్నడం మొదలెట్టాడు. చేసిన పొరపాటు తెలిసేసరికి వెనక వెలుతురు పోయింది. పైనుంచి కారే నీటికి లాంతరు కూడా ఆరిపోయింది.

ఇక గోడకు ఒరుసుకుంటుంది... ఇప్పుడో, ఇంకాసేపటికో...

ఒరుసుకోలేదు. పడవ తిన్నగా పోతోంది.

అప్పుడు వినబడింది. కుడి గోడ మీద — టక్... టక్... అతని అడుగుకు జవాబుగా ఇంకో అడుగు.

తల తిప్పబోయి ఆగిపోయాడు. చూస్తే ఆ చప్పుడు ఆగిపోతుందేమో! ఆ భయం ముందు దెయ్యం భయం చిన్నదైపోయింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"కెజ్... నువ్వేనా?"

టక్... టక్...

"ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నానే. వండుకున్నది నోటికి పోవట్లేదు. రాత్రిళ్ళు గుర్రం దగ్గర కూచుని మాట్లాడుతున్నా."

సొరంగం నడుమ, గాలి కోసం కొండ మీంచి ఇనుప మెట్లతో దింపిన గాలిబావి కింద చల్లగాలి మొహానికి కొట్టింది. అక్కడ ఆ కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి... మళ్ళీ అందుకున్నాయి. ఈసారి కాస్త బరువుగా.

"చెప్పవే... పడవ వదిలేసి కొలిమి పనికి పొమ్మంటావా?"

జవాబుగా దగ్గు వినబడింది. మగ దగ్గు.

జాబెజ్ కళ్ళు తెరిచాడు. అప్పటికి అవతలి నోరు దగ్గరపడింది, కొలుముల ఎర్ర వెలుగు లోపలికి పాకుతోంది. కుడి సగం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు.

"బెదిరిపోకు బాబూ. ఎలైజాని. ఒకప్పుడు ఇక్కడే కూలికి తన్నేవాణ్ణి."

దెయ్యం ఇదన్నమాట! జాబెజ్‌కు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. సీసాలోని చల్లారిన టీ ఇద్దరూ పంచుకున్నారు.

"చీకట్లో ఎందుకెక్కుతావు తాతా?"

"ఇంటి దగ్గర పలకరించే దిక్కు లేదు. పడవ మీద ఎవరో ఒకరి పక్కన కాళ్ళాడిస్తే ఆ పూటకు మనిషిననిపిస్తుంది."

"నేను మాట్లాడిందంతా విన్నావా?"

"కొంచెం. పెళ్ళాంతో మాట్లాడుతున్నావు కదా, మధ్యలో నోరు పెట్టడం మర్యాద కాదని ఊరుకున్నా."

జాబెజ్ కళ్ళు తుడుచుకున్నాడు. "నాతోనే ఉండిపో తాతా. ఇద్దరముంటే పడవ నాకే ఉంచుతారు. లోపలికొచ్చిన దగ్గర్నుంచీ ఎంత తిన్నగా తన్నావు."

"లోపలికొచ్చిన దగ్గర్నుంచా?" ముసలాయన వెనక గది తలుపు వైపు చూశాడు. "నేనెక్కింది గాలిబావి దగ్గర కదా బాబూ. అప్పటిదాకా తన్నింది మీ ఆవిడే. నన్ను చూసి, 'అలిసిపోయాను తాతా, ఇక నువ్వు పడుకో' అని చెవిలో చెప్పి, లేచి చోటిచ్చింది."