ఫిడేలింటి దగ్గు

శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి వైపు దిగే ఒక సందు చివర ఫిడేలిల్లు ఉండేది. పొద్దుగూకితే ఆ సందులోకి కుక్క కూడా దూరదు అనేవాళ్ళు. కుక్కల సంగతి నాకు తెలియదు గానీ, మా పాలవాడు మాత్రం ఆరు నెలలు చుట్టు తిరిగి పోయాడు. అది నేను కళ్ళారా చూశాను.

ఆ ఇంట్లో ఫిడేలు విద్వాంసులు ప్రేమానందం గారు ఉండేవారు. భార్య పోయాక ఒంటరిగా, ఉబ్బసంతో దగ్గి దగ్గి, తొంభై ఒకటిలో పోయారు. తలుపుకు లోపల గడియ వేసి ఉంటే పగలగొట్టి శవాన్ని తీశారు. అప్పటినుంచి ఇల్లు ఖాళీ. గబ్బిలాలు, ఎలుకలు, ముక్కు పగిలే కంపు.

రెండువేల ఆరులో ఆ ఇంట్లోంచి ఫిడేలు వినపడడం మొదలైంది.

రాత్రి పదిగంటల మీదట... ఎప్పుడూ తోడి రాగమే. తోడి సాగుతూ సాగుతూ ఉండగా — ఖళ్... ఖళ్... రెండు దగ్గులు. ఆ వెనకే — టక్.

అంతే, నిశ్శబ్దం. కాసేపటికి మళ్ళీ మొదటినుంచి అదే తోడి. అదే చోట అవే దగ్గులు.

ఆ దగ్గు చచ్చేముందు ఆయన దగ్గినదే అన్నారు. ఆ టక్కు లోపల గడియ పడిన చప్పుడు అన్నారు.

దగ్గును నేను ఎగతాళి చేయను. తిరుపతిలో బి.ఏ. చదివేటప్పుడు అంటుకున్న నశ్యం అలవాటు, దాంతో వచ్చిన దగ్గు నలభై ఏళ్ళుగా వదల్లేదు. వీధి మొదట్లో నేను దగ్గితే చాలు, మా ఇంటామె చూడకుండానే కాఫీ పొయ్యిమీద పెడుతుంది. ఆ పాట్లు అలా ఉంచండి.

మా అన్న కొడుకు గిరిప్రసాద్ ఉన్నాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. వాడికో జబ్బు. దేశంలో ఎక్కడెక్కడో జరిగిన కచేరీలను జనంలో కూర్చుని ఎవరో రికార్డరుతో పట్టి పెడితే, వాటిని కంప్యూటర్లో దించుకుంటాడు. దానికో గుంపు ఉందట. ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. అమ్మకూడదు, ఒక్క క్షణం కత్తిరించకూడదు, గుంపులో ఉన్నదే మళ్ళీ పెట్టకూడదు. దించుకున్నవాడు తనదీ ఏదో ఒకటి ఎక్కించాలి. నియమాలు వింటే మఠం అనుకుంటాం. లోపలికి చూస్తే ఎంగిలాకుల కుప్ప. వాడి దగ్గర రెండువేల కచేరీలున్నాయి.

"ఎన్ని విన్నావురా?" అన్నాను ఒకరోజు.

"వినేదానికి టైం యాడుండాది చిన్నాయనా? దించుకునేదానికే చాల్లేదు."

పెళ్ళివిందులో తినకుండా గిన్నెలకెత్తుకునేవాళ్ళను చూసినట్టుంది.

వీడు ఇన్నేళ్ళూ దించుకోవడమే గాని ఎక్కించింది లేదు. గుంపు పెద్దలు వారం గడువు పెట్టారు. ఎవరి దగ్గరా లేని కచేరీ ఒకటి పెట్టు, లేదా బయటికి పో అని. అన్నం మానేశాడు. తర్వాత ఫిడేలింటి మీద పడింది వాడి కన్ను.

"ప్రేమానందం గారు బతికినన్నాళ్ళూ ఒక్క కచేరీ గూడా ఎవుర్నీ పట్టనీలేదు గదా చిన్నాయనా. దెయ్యమై వాయిస్తా ఉంటే ఎవురడ్డం?"

పట్టనివ్వలేదన్నది నిజమే. పాట గాలిలో పుట్టి గాలిలోనే పోవాలి, డబ్బాలో దాచితే పాచిపోతుంది అనేవారు ఆయన. సభలో రికార్డు చేసే మిషను కనిపిస్తే ఫిడేలు కమాను కింద పెట్టేసేవారు. అట్లాంటి మనిషిని చచ్చాక కూడా వదలరా వీళ్ళు?

"సిగ్గుండాలిరా, దొంగనాయాలా!" అన్నాను. ఇంకా చాలా అన్నాను. వాడు నవ్వి పోయాడు.

ఆ రాత్రి జరిగింది వాడు చెప్పగా విన్నదే.

పదిన్నరకు సందులోకి దిగాడు. అరచేతిలో ఇమిడే రికార్డరు, దానికి చిన్న మైకు. కిటికీ రెక్క విరిగి వేలాడుతోంది. మైకును ఆ కిటికీ సందులోంచి లోపలికి తోసి, గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టాడు. అరచెయ్యి గోడమీద గబ్బిలం రెట్టలో పడిందట. తుడుచుకుంటే చప్పుడవుతుందని అట్లాగే ఉంచాడట. కక్కుర్తి అంటే అదీ.

తోడి మొదలైంది...

ఒళ్ళు గగుర్పొడిచిందన్నాడు. ఆ ఒక్కమాట నమ్ముతాను. ప్రేమానందం గారి గాంధారానికి రాయి కూడా కదులుతుంది.

ఖళ్... ఖళ్...

టక్.

వీధిలోవాళ్ళు విన్నది అంతవరకే. వీడు కిటికీకి చెవి ఆనించి ఉన్నాడు గదా. చీకట్లోంచి మెల్లగా... ఒక ముసలి గొంతు.

"ఎవురబ్బా... మిషను పెట్టింది?"

గిరి కిటికీనుంచి చెవి తీసేశాడు.

"చెప్పండి... ఎవురు?"

మైకు తీగ పట్టి లాక్కుని, ఒక చెప్పు అక్కడే వదిలి, గాంధీబొమ్మ దాకా పరిగెత్తాడు. మూడురోజులు జ్వరం. జ్వరంలో కూడా ఏం చేశాడో తెలుసా? ఆ పట్టింది కంప్యూటర్లో ఎక్కించాడు!

నాలుగోనాడు మా ఇంటికొచ్చాడు. మొహం మాడిపోయుంది.

"నన్ను గెంటేసినారు చిన్నాయనా. దొంగ అన్నారు. ఇది మా దగ్గర రెండేండ్లుగా ఉండాదన్నారు. నిమిషానికి నిమిషం కలిపి చూపించినారు. అదే తోడి, అవే దగ్గులు, ఆ మాటతో సహా."

గుంపులో దానికింద ఉన్న వివరం కాగితం మీద రాసుకొచ్చాడు. నా కళ్ళద్దాలు వెతికి పెట్టుకుని చదివాను.

ఐరాల. శ్రీరామనవమి పందిరి. 1983. దించుకున్నవారు మూడువందల పదకొండుమంది. రికార్డు చేసినవారు: తెలియదు.

కాగితం మడిచి ఇచ్చేశాను.

"అంటే లోపల ఎవురో దాన్నే పెట్టి వింటా ఉండారు," అన్నాడు గిరి. "ఈ రాత్రి పోయి పట్టుకుంటా. మనిషైతే సాక్ష్యం. దెయ్యమైతే ఫోటో. నువ్వూ రా."

పోకుండా ఉండవలసింది. ఎందుకు పోయానో చెప్తాను, తొందరపడకండి.

వెనకవైపు తలుపు గడియ తుప్పుపట్టి ఎప్పుడో ఊడిపోయింది. తోస్తే తెరుచుకుంది. కాలికింద గబ్బిలాల రెట్ట మెత్తగా, అంగుళం మందాన. కంపుకు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. లోపల తోడి సాగుతోంది. గిరి టార్చి వేశాడు.

నడింట్లో చాపమీద ఒక ముసలాయన. నెత్తిన తెల్లటోపీ, ఒళ్ళో పాత టేప్ రికార్డరు. వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకుని పాట ఆపాడు.

"ఎవురప్పా?"

"నువ్వెవురు ముందు చెప్పు!" అన్నాడు గిరి.

"సుభాన్ బాషా. ఈ ఇంట్లోనే పదకొండేండ్లు ఫిడేలు నేర్చుకుంటి. టార్చి దించు నాయనా, కండ్లు బైర్లు కమ్ముతాండాయి."

గిరి దించాడు. నేను గోడ నీడలోకి జరిగాను.

"ఊరంతా దడుసుకుంటా ఉండాది నీ పాటకి!"

"దడుసుకోనీ. ఆరునెలల కింద సూళ్ళూరుపేట నుంచి మా కొడుకు అజ్మల్ ఇంటికొస్తి. మనవరాలు సబియా, మా గురువు అయ్య పాట కంప్యూటర్లో దొరికిందని, క్యాసెట్టులోకి ఎక్కించిచ్చింది. ఇరుకిల్లు, పిల్లోళ్ళు నిద్రపోవాల. ఈడికొచ్చి వింటా ఉండా."

"అదే ముక్క ఎందుకు? రోజూ అదే దగ్గు?"

బాషా రికార్డరు మీద చెయ్యి పెట్టాడు.

"అది మా అయ్య దగ్గనుకుంటిరా? గాదు. జనంలో కూసున్నోడిది. దొంగతనంగా మిషను పెట్టినాడు. క్యాసెట్టు ఒకపక్క అయిపోతే తిప్పాల గదా, ఆ సప్పుడు ఇనపడకుండా దగ్గినాడు. అయ్య చెవి ఊరుకుంటాదా? టక్కు ఇన్యాడు. ఆపేసి, మిషను పెట్టిందెవురని అడిగినాడు."

"తర్వాత?"

"నేను ఎనక తంబూరా మీటతా ఉండా. మా చిన్నాయన కువైట్ నుంచి మిషను తెచ్చిన సంగతి అయ్యకి తెలుసు. నా పక్క తిరిగినాడు. అంత జనంలో... 'బాషా, నువ్వా?' అన్యాడు."

గబ్బిలం ఒకటి టార్చి వెలుతురులో అడ్డంగా పోయింది.

"కాదయ్యా అంటి. నమ్మలే. ఎనిమిదేండ్లు గడప తొక్కనీలే. ఆఖరి దినం వస్తే, నా గొంతు విని లోపల గడి పెట్టుకున్యాడు. తెల్లారేదాకా అరుగుమీదే ఉంటి. లోపల దగ్గు ఆగిపాయ. నేను మళ్ళా ఫిడేలు ముట్టలే."

ఊరు దెయ్యానికి అంటగట్టిన గడియ అది.

"ఇప్పుడా దగ్గినోణ్ణి ఎట్ల పట్టుకుంటావు తాతా?" అన్నాడు గిరి. గొంతులో ఎగతాళి పోయింది.

"మొగం మారతాది, మాట మారతాది. దగ్గు మారదు నాయనా. ఒకసారి నా చెవిన పడితే చాలు."

"పడితే ఏంజేస్తావు?"

"ఏంజేస్తా, అరవై దాటినోణ్ణి? ఈ ఇంట్లో నిలబడి ఆయప్ప ఒక్కమాట సెప్పాల. బాషా గాదయ్యా, నేను అని. గోడలైనా ఇంటాయి."

ఇక చెప్తాను.

ఎనభై మూడులో నాకు ఐరాలలో ఉద్యోగం. శ్రీరామనవమి పందిట్లో నాలుగో వరసలో కూర్చున్నాను. ఒళ్ళో టిఫిన్ క్యారియరు. పై గిన్నెలో పెరుగన్నం. కింద రెండు గిన్నెలు తీసేసి అందులో మిషను పెట్టుకున్నాను. బాషా తలవంచుకుని పందిరి దాటి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. లేవలేదు. ఇంటికి పోయి పెరుగన్నం తిన్నాను. మరుసటేడు మద్రాసులో ఒక స్నేహితుడికి కాపీ ఇచ్చి, ఎవరికీ ఇవ్వకు అని ఒట్టు వేయించుకున్నాను. ఆయనా అట్లాగే ఇంకొకరికి ఇచ్చి ఉంటాడు.

మూడువందల పదకొండు ఇళ్ళలో నా కఫం మోగుతోంది. ఒక మనిషి ఆరునెలలుగా చీకట్లో, రెట్టలో కూర్చుని దాన్నే వింటున్నాడు. గిరిని దొంగనాయాలా అన్న నోరు ఇదే. తలుచుకుంటే నా నోరు నాకే రోత.

కంపు గొంతుకు పట్టింది. గరగరమంది. కండువా నోటికి అదిమాను.

"చిన్నాయనా, బయటికి పోదామా?" అన్నాడు గిరి.

బాషా ఆ మాటలు వినలేదు. మీట నొక్కాడు. మళ్ళీ తోడి. గాంధారం మెల్లగా లేచింది. అదే జాగా వస్తోంది, ఇంకొక్క వరస...

ఆపుకుంటే ఆగే దగ్గే. ఇరవై మూడేళ్ళు అంతకంటే పెద్దది ఆపుకున్నవాణ్ణి. కండువా తీసేశాను.

ఖళ్... ఖళ్...

క్యాసెట్టులో దగ్గు ఇంకా రాలేదు.

చీకట్లో బాషా వేలు మీటమీద పడింది.

టక్.