హోంకా పల్లంలో టార్చిలైటు

హోంకా పల్లంలో మంచు పడే సాయంత్రాలు బండి ఆపకూడదని మా వైపు చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు.

రెండు గుట్టల మధ్య రోడ్డు ఉన్నట్టుండి కిందికి దిగి, వాగు మీది తూము దాటి, మళ్లీ నిలువునా ఎక్కుతుంది. ఆ అడుగున, కుడిచేతి వైపు గుంటలోంచి ఓ దీపం వెలుగుతుంది. మూడంటే మూడుసార్లు. మిణుకు... మిణుకు... మిణుకు.

దిగి చూస్తే ఎవరూ ఉండరట. దిగకుండా పోతే ఎక్కుడు మధ్యలో బండి మొరాయిస్తుందట. బారులో కూర్చుని చెప్పేవాళ్ల నోటికి అడ్డేముంది? ఒకడు దీపం పసుపుపచ్చ అంటాడు, ఇంకొకడు కాదు నీలం అంటాడు. మూడోవాడు దీపం వెనక టోపీ కూడా చూశాడు, అప్పటికి వాడికి ఎన్నో గ్లాసో నేను అడగలేదు.

ఆ రోడ్డు మీద ముప్ఫై ఒక్క చలికాలాలు కౌంటీవాళ్ల మంచు తోసే బండి నడిపినవాణ్ణి నేను. నన్నెవరైనా అడిగితే నవ్వేసేవాణ్ణి. ఇప్పుడు నవ్వడం లేదు... ఎందుకో చెబుతాను, మధ్యలో ఆపకండి.

ఆర్విడ్ హోంకా మా టపా మనిషి. సొంత కార్లోనే ఊరూరా తిరిగి ఉత్తరాలు పంచేవాడు. ఎనభై నాలుగు డిసెంబరులో ఓ శనివారం, సుపీరియర్ సరస్సు మీంచి లేచిన మంచు మధ్యాహ్నం నుంచీ ఆగకుండా కొడుతోంది. నాలుగున్నరకే చీకటి. పంపకం ముగించుకుని ఇంటికి పోతుంటే ఆ పల్లంలో కారు జారి గుంటలోకి దిగిపోయింది. వెచ్చదనం కోసం ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. మంచు వెనక పొగగొట్టాన్ని పూడ్చేసింది. ఆ పొగ లోపలికి వచ్చి చంపేసింది.

మర్నాడు పొద్దున చూసింది నేనే.

టోపీ పెట్టుకుని ఉన్నాడు. చేతులకి తొడుగులు. కోటు మెడ దాకా గుండీలు పెట్టేసుకున్నాడు. ఎవరో తీసుకెళ్లడానికి వస్తారని తయారై కూర్చున్నవాడిలా ఉన్నాడు పాపం. పక్క సీట్లో టార్చి — ఆర్పేసి ఉంది. మీట నొక్కితే చక్కగా వెలిగింది.

అదే ఎవరికీ అంతుపట్టలేదు. పావు మైలులో పాలవాళ్ల కొట్టం ఉంది. దాని దీపం ఎంత మంచులోనైనా మసగ్గా కనిపిస్తూనే ఉంటుంది. టార్చి ఉంది, బూట్లు ఉన్నాయి, మనిషి గట్టివాడు. మరి కదలకుండా ఎందుకు కూర్చున్నాడు?

ఆయన భార్య హిల్యా కనబడినప్పుడల్లా నన్నే అడుగుతుంది. "ముందు చూసింది నువ్వు కదా తమ్ముడూ. ఎందుకు నడవలేదంటావ్?"

"ఏమో అక్కా," అంటాను.

ఇది జరిగిన తొమ్మిదేళ్లకి, అదీ ఓ శనివారమే, నేను మా ఆవిరిగదిలో రాళ్ల మీద నీళ్లు చల్లుతున్నాను. మాకు శనివారం ఆవిరిస్నానం తప్పదు, ఇల్లు లేకపోయినా ఆవిరిగది ఉండాల్సిందే. తలుపు తోసుకుని వైనో వచ్చాడు. కర్ర కొట్టించే పని వాడిది. నాకు బడిలో నుంచీ స్నేహితుడు.

"రూడీ... దెయ్యాన్ని పట్టేశాన్రా."

"ముందు తలుపెయ్యి. ఆవిరంతా పోతోంది."

వేశాడు. పక్కన చేరగిలబడి ఒకటే నవ్వు. విషయం ఏమిటంటే, ఇప్పుడే పల్లంలోంచి వస్తుంటే దీపం కనబడిందట. తొమ్మిదేళ్లుగా అది కనబడితే చాలు యాక్సిలరేటరు తొక్కి పారిపోయేవాడు. ఇవాళ కాలు ఒప్పుకోలేదట. పికప్పు ఆపి, మోకాళ్ల లోతు మంచులో పడుతూ లేస్తూ గుంటలోకి దిగాడు.

"ఏముందో చెప్పనా? గుంజ. గుంజకి ఓ రిఫ్లెక్టర్ బిళ్ల. రెండు మేకుల్లో ఒకటి ఊడిపోయింది. గాలికి ఇటూ అటూ ఊగుతోంది. మన లైటు దాని మీద పడితే వెలుగు, తిరిగితే చీకటి. ఇంతేరా... ఇంతే."

నేనూ నవ్వాను. "ఆ గుంజ పాతింది నేనేరా," అన్నాను.

వాడు నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. తర్వాత గుసగుసగా మొదలుపెట్టాడు.

"ఆర్విడ్ పోయిన సాయంత్రం... నేనా దారినే వెళ్లాన్రా."

వాడి పికప్పు డెబ్బై ఎనిమిది నాటిది. లోపల మీట లాగినంత మాత్రాన నాలుగు చక్రాలూ లాగవు. కిందికి దిగి, ముందు చక్రాలకి ఒక్కోదాని నడిమధ్య ఒక్కో మూత ఉంటుంది, ఆ రెండూ చేత్తో తిప్పి బిగించాలి. పొద్దున పొడిగా ఉన్నప్పుడే చేసుకుంటే రెండు నిమిషాల పని. ఆ రోజు వాడు బద్ధకించాడు. వెనక చక్రాలు జారకుండా బరువుకి ఇసుక బస్తాలున్నాయి కదా, చాల్లే అనుకున్నాడు. అంటే వెనక చక్రాలు తప్ప ముందువి లాగడం లేదు.

పల్లంలోకి దిగేసరికి కుడి పక్క గుంటలో దీపం. మూడుసార్లు.

"ఆగితే ఆ ఎక్కుడు ఎక్కలేన్రా. ఇద్దరం అక్కడే ఉండిపోతాం. అందుకని వేగం తగ్గించకుండా... రెండుసార్లు లైట్లు కొట్టాను."

మా దగ్గర గుంటలో పడ్డవాణ్ణి వదిలేసి ఎవరూ పోరు. శత్రువైనా సరే, గొలుసు తీసి లాగి, ఆ తర్వాత తిట్టుకుంటాం. ఆగడానికి వీల్లేని చోటైతే హెడ్‌లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తాం. చూశాను, పైకెళ్లి బండి తిప్పుకుని వస్తున్నాను, నువ్వు కదలకు — అని దానర్థం. అలా మాటిచ్చి రానివాడు మా వైపు లేడు.

"నేను కొట్టగానే... టార్చి ఆరిపోయిందిరా."

అందుకే టార్చిలో వెలుగు మిగిలింది. ఇక ఊపాల్సిన పని లేదని ఆర్పేసుకున్నాడు. టోపీ పెట్టుకుని, తొడుగులు వేసుకుని, వచ్చేస్తున్నారు కదా అని కూర్చున్నాడు. కొట్టం దీపం కనబడుతున్నా అందుకే నడవలేదు.

"పైకెళ్లి దిగాను. ఎడమ మూత తిరిగింది. కుడిది గడ్డకట్టుకుపోయింది, తిరగలేదు. గాలి ముఖాన్ని కోసేస్తోంది. వేళ్లు పని చెయ్యట్లేదు. ఇంటి దగ్గర ఆవిరిగది కాగుతూ ఉంటుంది... అప్పుడనుకున్నాను, ఆరింటికి రూడీ మంచుబండి ఎలాగూ వస్తుంది. వాడు ఒక్క రౌండు కూడా తప్పడు. వాడు చూసుకుంటాడులే అని..."

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ రోజు ఆరింటి రౌండు నేను వెళ్లలేదు. ఇంత మంచులో ఆ దారిన ఎవడు పోతాడులే అని ఐదింటికే బండి షెడ్డులో పెట్టేశాను. పై ఆయనకి రౌండు పూర్తయిందని చెప్పాను. వచ్చి ఇదే గదిలో, ఇదే బల్ల మీద ఒళ్లు కాచుకున్నాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఒక్క మనిషికీ తెలీదు.

"నీ తప్పేం లేదులే," అన్నాడు వైనో, నా ముఖం చూసి. "అంత మంచులో నీకూ కనబడి ఉండడు."

నేను గరిటె బకెట్టులో పెట్టేశాను.

వాడు నా భుజం పట్టుకున్నాడు. "కానీ ఇవాళ తెలిసింది కదరా. ఆ సాయంత్రం నేను చూసింది ఆర్విడ్‌ని కాదు. ఆ బిళ్లని. నేను ఎవరికీ మాటివ్వలేదు... అవునా కాదా? గుంజ నువ్వే పాతావు, నువ్వే చెప్పు."

ఆ గుంజ నేను పాతింది ఎనభై అయిదు మే నెలలో. ఆర్విడ్ అక్కడ పోయాడని, ఇంకెవరూ జారకుండా గుర్తు పెట్టమని కౌంటీవాళ్లు చెబితే పాతాను. ఆ సాయంత్రం అక్కడ గుంజా లేదు, బిళ్లా లేదు. మనిషే ఉన్నాడు.

ఆ మాట అంటే ఇద్దరం ఆ సాయంత్రంలోకి పోవాలి. మరి నీ బండి ఎందుకు రాలేదురా అని వాడు అడగొచ్చు.

"అవును," అన్నాను. "బిళ్లే అది. ఎప్పట్నించో ఉంది."

వైనో రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత బకెట్టు నీళ్లు నెత్తిన కుమ్మరించుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు. వాడి మీద జాలితో అలా అన్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. జాలి కాదు. నా బండారం బయటపడుతుందని భయం, అంతే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దెయ్యం లేదు గియ్యం లేదు, రిఫ్లెక్టర్ బిళ్లేనని వైనో బారంతా చాటాడు. గుంజ ఎప్పుడు పాతారని ఎవరైనా లెక్క తీసి వైనో చెవిన వేస్తారేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. మంచు కరగ్గానే వెళ్లి దాన్ని పీకి తెచ్చేశాను. బిళ్ల మా షెడ్డు గోడకి వేలాడుతోంది, కావాలంటే చూసుకోండి.

వైనో పోయి ఆరేళ్లయింది. నిద్రలో పోయాడు, హాయిగా. పోతూ పికప్పు నాకు రాసిపోయాడు.

మొన్న గురువారం ఆ పికప్పుకే ముందు రేకు తగిలించుకుని, హిల్యా అక్క వాకిట్లో మంచు తొయ్యడానికి వెళ్లాను. ఎనభై దాటింది ఆవిడకి. కాఫీ ఇచ్చింది, ఏలకుల రొట్టె కోసి పెట్టింది. నేను రెండో ముక్క తీసుకుంటుంటే అడిగింది.

"కొట్టం దీపం కనబడుతూనే ఉంది కదా తమ్ముడూ. ఎందుకు నడవలేదంటావ్?"

ఆవిడ రొట్టె నోట్లో పెట్టుకుని, "ఏమో అక్కా," అన్నాను.

బయల్దేరేసరికి చీకటి పడింది. మంచు మొదలైంది. వాకిలి తోసేటప్పుడు మూతలు బిగించే ఉన్నాయి, రోడ్డెక్కాక ఎందుకులే అని ఇంటి ముందే విప్పేశాను. మళ్లీ దిగి బిగించడానికి బద్ధకం. నాలుగు మైళ్లే కదా అనుకున్నాను.

పల్లంలోకి దిగాను. కుడిచేతి గుంటలో —

మిణుకు.

మిణుకు...

మిణుకు...

అక్కడ గుంజ లేదు. నేనే పీకాను.

కాలు బ్రేకు మీదికి పోలేదు. ఎదురుగా ఎక్కుడు, ముందు చక్రాలు లాగడం లేదు. ఆగానంటే అక్కడే ఉండిపోతాను. చెయ్యి మాత్రం నన్నడక్కుండానే పోయింది. ఒకసారి లైట్లు కొట్టింది. ఇంకోసారి కొట్టింది.

గుంటలో దీపం ఆరిపోయింది.

పైకెళ్లి బండి ఆపాను. దిగాను. ఎడమ చక్రం మూత తిరిగింది. కుడిది తిరగలేదు. వేళ్లు తిమ్మిరెక్కేదాకా చూశాను, మీరు నమ్మినా నమ్మకపోయినా. ఆ తర్వాత సీట్లో కూర్చున్నాను... ఇంటికొచ్చేశాను.

ఇవాళ శనివారం. గురువారం నుంచీ కంటి మీద కునుకు లేదు. పొద్దున కుడి మూత మీద వేడినీళ్లు పోసి తిప్పాను. రెండూ బిగించి ఉన్నాయి. గొలుసు వెనక పడేశాను. ముందు పల్లం దగ్గర ఆగాలి, అక్కణ్ణించి హిల్యా అక్క ఇంటికి పోవాలి. ఆయన ఎందుకు నడవలేదో, నా బండి ఎందుకు రాలేదో, రెండూ చెప్పాలి.

టోపీ పెట్టుకుని, తొడుగులు వేసుకుని, టార్చి ఆర్పేసుకుని కూర్చుని ఉంటాడాయన. ఈసారి లైట్లు కొట్టింది వైనో కాదు, నేను.

వాకిట్లో బండి వేడెక్కి గంటయింది. నేనింకా ఎక్కలేదు.